కత్తెరమ్మ అడగని ప్రశ్న

పార్లమెంటు ఆరోగ్య సంక్షేమ కమిటీ అధ్యక్షురాలికి అందరూ కలిసి పెట్టిన పేరు కత్తెరమ్మ. మొహం మీద అనే ధైర్యం ఉన్నవాడు ఇంకా పుట్టలేదు. ఎంత పెద్ద అధికారి వచ్చి సాక్షి కుర్చీలో కూర్చున్నా సరే, మాట కాస్త సాగిందంటే చాలు, ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెన్ను మూతతో బల్ల మీద టక్కుమనిపించి, "ముక్కలో చెప్పండి" అంటుంది. అక్కడితో చెప్పేవాడు నీళ్ళు నములుతాడు. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ లెక్కల టీచరు. ఊకదంపుడు అంటే అప్పుడూ గిట్టేది కాదు, ఇప్పుడూ గిట్టదు.

అలాంటి ఆవిడ కడుపున పుట్టిన పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నోరు మూసిన పాపాన పోలేదు. అందుకే ఇంట్లో దాని పేరు వసపిట్ట. ఆ వసపిట్ట చదివి, పరీక్షలు రాసి, ఉద్యోగం తెచ్చుకుంది. తెచ్చుకున్నది ఎక్కడా? దేశంలో ఇన్ని శాఖలుండగా సరిగ్గా ఆరోగ్య శాఖలోనే. తల్లి నిలదీసే శాఖలో కూతురు పనిచేస్తోంది. కమిటీ కూర్చున్న ప్రతిసారీ తల్లి ముందుగా ఆ మాట చెప్పి రికార్డులో రాయించేది. ఇంట్లో మాత్రం ఒక కట్టుబాటు పెట్టింది. చెప్పులతో పాటు ఆఫీసునీ గుమ్మం బయటే విడిచి రావాలి. ఈ కట్టుబాటు తల్లికి సులువే, వసపిట్టకే తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన నానమ్మ, ఆవిణ్ణి చూసుకునే నాన్న. నాన్న ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. నానమ్మకు అలా కాగానే ఉద్యోగం మానేసి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళు తుడవడం, పక్క తిప్పడం, చెంచాతో తాగించడం, కాళ్ళకు వ్యాయామం చేయించడం, అన్నీ ఆయనే. నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి సినిమా. వీధి చివర థియేటరుంది. పక్కింటి పిన్నిగారు అప్పుడప్పుడూ వచ్చి నానమ్మ దగ్గర కూర్చునేది గానీ, బడి నుంచి పిల్లలు వచ్చే వేళకు ఆవిడ వెళ్ళిపోవాలి. అందుకని నాన్న ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి వచ్చేసేవాడు. వచ్చి, చూసినంత వరకు కథ చెప్పేవాడు. హీరో జైల్లో ఉంటాడు, లేదా చెల్లెలు తప్పిపోయి ఉంటుంది. తర్వాతేమైందని వసపిట్ట అడిగితే, ఏమవుతుంది, అంతా మంచే జరిగుంటుందిలే అనేవాడు. ఆయనకు తెలిసినవన్నీ సగం కథలే.

ఆ యేడు ప్రభుత్వం రాబోయే కాలానికి ఆరోగ్యంలో, సంక్షేమంలో దేశం ముందుగా చేయాల్సిన పనుల పట్టిక తయారుచేస్తోంది. ఆసుపత్రుల్లో మంచాలు, అంబులెన్సులు, మనోవ్యాధుల వైద్యం, వృద్ధాశ్రమాలు అందులో ఉన్నాయి. చిత్తుప్రతి రాసినవాళ్ళలో వసపిట్ట ఒకతె. ఆమె అందులో ఒక చిన్న అంశం చేర్చింది. పేరు 'ఊరట'. మంచం పట్టిన మనుషులున్న ఇళ్ళకు వారంలో ఒక రోజు శిక్షణ పొందిన మనిషిని పంపడం, ఆ రోజు ఇంట్లో చూసుకునే మనిషికి సెలవు ఇవ్వడం. శాఖ కార్యదర్శి దాన్ని చూశాడు, పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇది ఇళ్ళలో విషయమమ్మా, దేశం విషయం కాదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పట్టిక పొట్టిగా ఉంటే ప్రశ్నలు తక్కువ వస్తాయని నమ్మే మనిషి.

పట్టిక ఖాయమయ్యే ముందు మంత్రి దాని మీద కమిటీ ప్రశ్నలకు జవాబు చెప్పాలి కాబట్టి, వసపిట్ట ఆశంతా ఆ కమిటీ మీద పెట్టుకోవాలి మరి. కానీ అక్కడే ఉంది తిరకాసు. ఎవరికైనా ఒక విషయంలో సొంత సంబంధం ఉంటే ఆ చర్చ నుంచి లేచి బయటికి పోవాలని కమిటీ నియమం. కత్తెరమ్మ ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, చూసుకునే మొగుడు ఉన్నారు కాబట్టి, ఇంటి సంరక్షణ మాట వస్తే తాను బయటికి వెళ్తానని మొదటి రోజే రాసిచ్చింది. దాంతో మిగిలిన సభ్యులు మర్యాదకు పోయి, పెద్దావిణ్ణి లేపడం ఎందుకులే అని ఆ మాటే ఎత్తడం మానేశారు. ఆవిడ నిజాయితీకి భయపడి ఆ విషయాన్ని నిజాయితీగా పాతిపెట్టారన్నమాట. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, దేశంలో అందరి గోడూ అడిగే ఆవిడ ఇంటి గోడు మాత్రం అడిగే దిక్కు లేకపోయింది. ఈ సంగతి వసపిట్టకు తెలుసు. ఇంట్లో అనడానికి కట్టుబాటు అడ్డం.

మంత్రి ఆ శాఖకు కొత్త. అంతకుముందు క్రీడల శాఖ చూసినవాడు. ఏ సమావేశాన్నైనా మ్యాచ్ అంటాడు కాబట్టి ఆఫీసులో ఆయన పేరు కోచ్. సాధన లేకుండా మైదానంలోకి దిగనని కోచ్ పట్టుబట్టాడు. అందుకని శాఖలో ఆనవాయితీగా జరిగే ఉత్తుత్తి కమిటీ ఈసారి గట్టిగా జరిగింది. ఉత్తుత్తి కమిటీ అంటే ఏమీ లేదు, ఆఫీసులోని మీటింగు హాల్లో బల్లలు కమిటీ గదిలో లాగే వేస్తారు, ఒక్కో ఉద్యోగి ఒక్కో సభ్యుడి వేషం కడతాడు, మంత్రిని కూర్చోబెట్టి ప్రశ్నలతో చంపుతారు. గణాంకాల అధికారి ఎప్పుడూ కునుకు తీసే సభ్యుడి వేషం కట్టి, నిజంగానే కునుకు తీశాడు. కత్తెరమ్మ వేషం ఎవరు కడతారనేసరికి అందరూ వసపిట్ట వైపు చూశారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని కార్యదర్శి నవ్వాడు.

వసపిట్ట మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెన్ను మూతతో టక్కుమనిపించగానే మీటింగు హాల్లో అందరికీ వెన్ను నిటారైంది. చిన్నప్పుడు పగిలిన గ్లాసు గురించి, రాయని హోంవర్కు గురించి ఆ కత్తెర కింద పడ్డ పిల్ల కదా, ఒక్క విరుపు పొల్లు పోలేదు. కోచ్ అంబులెన్సుల గురించి చెప్పాడు, ఆమె కత్తిరించింది. మంచాల గురించి చెప్పాడు, మళ్ళీ కత్తిరించింది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రంలా ఆయన ప్రతిదానికీ "పరిశీలిస్తున్నాం" అంటుంటే, ఏది పరిశీలించారో ఒక్కటి చూపించమంది. ఆయన చెమట తుడుచుకుంటూనే సంబరపడ్డాడు. మంచి సాధన దొరికిందనుకున్నాడు.

చివరికి వృద్ధాశ్రమాల మాట వచ్చింది. ఎన్ని కడతారో చెప్పి, ఇళ్ళలో ఉన్నవాళ్ళను ఎలాగూ ఇంట్లోవాళ్ళు చూసుకుంటారని కోచ్ ముగించబోయాడు.

"ఇంట్లోవాళ్ళంటే ఎవరు?" అంది వసపిట్ట.

కుటుంబ సభ్యులు అన్నాడు కోచ్.

"సభ్యులు కాదండీ. ఒక్క మనిషి. ప్రతి ఇంట్లోనూ ఒక్క మనిషే ఉంటారు. ఆ మనిషికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఆ మనిషికి సినిమా చూడాలనిపిస్తే, చివరిదాకా చూడాలనిపిస్తే, మంచం పక్కన ఎవరు కూర్చుంటారు? ఆయనకు సెలవిచ్చేది ఎవరు?"

కోచ్ కాగితాలు తిరగేశాడు. పక్కనున్న కార్యదర్శి వైపు చూస్తే ఆయన సీలింగు వైపు చూశాడు. గణాంకాల అధికారికి మెలకువ వచ్చింది. వసపిట్టకు తన గొంతు తనకే కొత్తగా వినిపించి, కళ్ళజోడు గబగబా కిందికి దించుకుంది.

దీనికి జవాబు కావాలి, ఆవిడ ఇదే అడిగితే నేను మైదానంలో బోర్లాపడతాను అన్నాడు కోచ్. అప్పటికప్పుడు అందరినీ పరుగులు పెట్టించాడు. ఊరట అంశం చెత్తబుట్టలోంచి లేచి మళ్ళీ బల్ల మీదికొచ్చింది. దాన్ని పట్టికలో చేర్చేస్తేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని చిన్న అధికారులు కూడా అనడం మొదలుపెట్టారు.

వసపిట్ట ఎగిరి గంతేయాలి. వేయలేకపోయింది. అమ్మ ఆ ప్రశ్న అడగదని ఆమెకు తెలుసు. తల తీసి పక్కన పెట్టినా అడగదు. నోరు మూసుకుంటే పని అయిపోతుంది, కోచ్ భయంతోనే ఊరటను పట్టికలో పెట్టేస్తాడు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకోవాల్సిన అవసరం వస్తే, అది కూడా చేతకాలేదు ఆ వసపిట్టకు. తన మంత్రిని లేని పులిని చూపించి బెదిరించిన కూతురని తెలిస్తే అమ్మ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది. మర్నాడు పొద్దున్నే కోచ్ గదికి వెళ్ళింది. కార్యదర్శి కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, ఆ చివరి ప్రశ్న మా అమ్మ అడగదు. ఆవిడకు సొంత సంబంధం ఉన్న విషయం. ఎవరైనా ఎత్తినా ఆవిడ లేచి వెళ్ళిపోతుంది. అందుకని ఎవరూ ఎత్తరు కూడా."

"మరి నిన్న అడిగిందెవరు?" అన్నాడు కోచ్.

"నేనే సార్. ఆవిడ గొంతు పెట్టుకుని నా ప్రశ్న అడిగాను. తప్పే."

కార్యదర్శి మొహం వెలిగిపోయింది. అయితే పీడా పోయింది, ఊరటను తీసేద్దాం సార్ అన్నాడు. కోచ్ వసపిట్ట వైపు చూసి, ఊరట అంశం రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో మీటింగుకు వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి వసపిట్ట మాటల్లేకుండా కూర్చుంది. నోటి దగ్గర కూడు చేతులారా నేలపాలు చేసుకున్నట్టనిపించింది. ఏమే, ఒంట్లో బాగాలేదా అని నాన్న అడిగాడు. నానమ్మకు జడ వేస్తూ అడిగాడు. ఆ వేళ్ళను చూస్తే వసపిట్టకు ఇంకా ఏడుపొచ్చింది గానీ, ఆఫీసు మాట గుమ్మం దాటకూడదు కదా, నిద్ర వస్తోందని చెప్పి లేచింది.

విచారణ రోజు వచ్చింది. కమిటీ గది పెద్దదేం కాదు. గుర్రపునాడా ఆకారంలో బల్ల, మధ్యలో సాక్షి కుర్చీ, దాని వెనక అధికారుల వరసలు, గోడకు పార్లమెంటు చానల్‌వాళ్ళ కెమెరా. వసపిట్ట చివరి వరసలో కూర్చుంది. కత్తెరమ్మ వచ్చి, మైకు సర్దుకుని, అందరికంటే ముందు తన మాట చెప్పింది. "మా అమ్మాయి ఈ శాఖలోనే పనిచేస్తోంది. అదిగో, ఆ చివర కూర్చుంది. రికార్డులో రాయండి." వసపిట్ట ఎప్పటిలాగే సిగ్గుపడి తల దించుకుంది. ఎప్పటిలాగే లోపల్లోపల గర్వపడింది కూడా. తన సంగతిని దాపరికం లేకుండా ఇలా బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే ఇంకొకర్ని అడగడానికి నోరు తెరిచే మనుషులు ఎంతమంది ఉంటారు?

ఇక మొదలైంది కత్తిరింపు. మంచాల దగ్గర కార్యదర్శి చిక్కాడు, అంబులెన్సుల దగ్గర ఇంకో అధికారి చిక్కాడు. కోచ్ మాత్రం సాధన చేసిన మనిషి కదా, ముక్కలో చెప్పి ముక్కలో ఆపాడు. ఒకసారి కత్తెరమ్మ పెన్ను మూత ఎత్తి, అవసరం లేక కింద పెట్టేసింది. అది ఆ గదిలో ఎవరూ చూడని వింత.

వృద్ధాశ్రమాలు అయిపోయాయి. ఇళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. కార్యదర్శి ఊపిరి పీల్చుకున్నాడు. వసపిట్ట ఒళ్ళోని ఫైలు మూసేసింది.

విచారణ ముగిసేముందు అధ్యక్షులు అడిగే మాట ఒకటుంది. అది వట్టి మర్యాద. "మేం అడగకపోయినా మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" అని అడుగుతారు, లేదు మేడమ్, ధన్యవాదాలు అని సాక్షి లేస్తాడు. ఎన్నేళ్ళుగా అడుగుతున్నా ఉందన్నవాడు లేడు. కత్తెరమ్మ అడిగింది. అప్పటికే సగంమంది సంచులు సర్దుకుంటున్నారు.

"ఉంది మేడమ్" అన్నాడు కోచ్.

సంచుల చప్పుడు ఆగిపోయింది. కోచ్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు గానీ విప్పలేదు. "మా ఆఫీసులో మీ కుర్చీలో కూర్చుని నాకు సాధన చేయించేవాళ్ళు ఒకరున్నారు. మీరు అడగని ప్రశ్న ఒకటి ఆ మనిషి నన్ను అడిగింది. మర్నాడు వచ్చి, ఆ ప్రశ్న మీరు అడగరని కూడా తనే చెప్పింది. అడగరు కాబట్టి వదిలేద్దామనుకున్నాను. వదల్లేకపోయాను. ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్ళకి..."

టక్కుమంది పెన్ను మూత. కత్తెరమ్మ చెయ్యెత్తింది. ఆవిడ చూపు ఒక్క క్షణం చివరి వరస దాకా వచ్చి వెళ్ళింది.

"అక్కడ ఆగండి. మా ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారు. ఆవిణ్ణి మా ఆయన చూసుకుంటారు. ఇది నేను వినకూడదు. ఉపాధ్యక్షులు నడిపిస్తారు."

లేచింది. మైకు పక్కకు జరిపింది. కాగితాలన్నీ అక్కడే వదిలేసి, పక్క తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తన ఇంటికి మేలు జరిగే మాట నడుస్తుంటే, వినాలని ప్రాణం కొట్టుకుంటున్నా, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ వెళ్ళింది. వసపిట్టకు ఈవిడ మా అమ్మ అని లేచి అరవాలనిపించింది. ఎలాగూ ఆ మాట పొద్దునే రికార్డుకెక్కింది కదాని ఊరుకుంది.

ఉపాధ్యక్షుడు ఎదుటి పార్టీవాడు, వృత్తికి డాక్టరు, కత్తెరమ్మతో సభలో ఉప్పూ నిప్పులా ఉండే మనిషి. ఆయన మెల్లగా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎన్నో ఇళ్ళలో మంచం మీది మనిషికి మందు రాశాను, పక్కన నిలబడ్డ మనిషి మొహం ఎప్పుడూ చూడలేదు అన్నాడు. తర్వాత పట్టు పట్టాడు. ఎవరిని పంపుతారు, శిక్షణ ఎవరిస్తారు, పల్లెల మాటేమిటి, ఒకటొకటే అడిగాడు. కోచ్ తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియదన్నాడు. ఇంతకీ ఇది తుది పట్టికలో ఉంటుందా అని అడిగితే తల ఊపాడు.

"తల ఊపితే రికార్డుకెక్కదు. నోటితో చెప్పండి" అన్నాడు డాక్టరు.

"ఉంటుంది" అన్నాడు కోచ్. కార్యదర్శి మింగలేక కక్కలేక రాసుకున్నాడు.

బయట వరండాలో బెంచీ మీద కత్తెరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, హెడ్మాస్టరు గది బయట కూర్చున్న పిల్లలా కూర్చుని ఉంది. డాక్టరు స్వయంగా వచ్చి, రండి మేడమ్, మీ కుర్చీ మీరు తీసుకోండి అని లోపలికి పిలుచుకుపోయాడు. ఆవిడ వచ్చి విచారణ ముగిసిందని ప్రకటించింది. లోపల ఏం జరిగిందని ఎవరినీ అడగలేదు. కారెక్కబోతూ, వసపిట్ట నోరు తెరవడం చూసి, "రికార్డు అచ్చయ్యాక చదువుకుంటాలే" అంది. ఇంటిదాకా ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. వాన లేదు.

చదువుకునేదాకా ఆగే పని లేకపోయింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి నానమ్మ మంచం ఎదురుగా టీవీలో పార్లమెంటు చానల్ మోగుతూనే ఉంది. నాన్న మొహం చూస్తే చాలు, అంతా చూశాడని తెలుస్తోంది. "ఇది చివరిదాకా చూశాను టీచరమ్మా" అన్నాడు. ఆయన భార్యను పెళ్ళైన కొత్తలో పిలిచిన పిలుపు అది.

కత్తెరమ్మ చెప్పులు విడిచింది. గుమ్మం దాటాక ఆఫీసు మాట మొట్టమొదటిసారి ఆవిడే ఎత్తింది. "నా కుర్చీలో కూర్చున్నది నువ్వే కదూ. ఏదీ, ఎలా చేశావో చెయ్యి చూద్దాం."

వసపిట్ట బిక్కచచ్చిపోయింది. బతిమాలుకుంది. తల్లి వదల్లేదు. చివరికి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెంచాతో మందుల బల్ల మీద టక్కుమనిపించి, ముక్కలో చెప్పండి అంది. నానమ్మ వంకర మూతితో కిసుక్కున నవ్వింది. నాన్నకు నవ్వాలో వద్దో తెలియలేదు. కత్తెరమ్మ పగలబడి నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

"ప్రశ్న నీకెలా వచ్చిందో నేనడగను. మర్నాడు వెళ్ళి నిజం చెప్పావు చూడు, అందుకు... నాకు గర్వంగా ఉందే" అంది. ఆవిడ నోట ఆ ముక్క వినడం వసపిట్టకు అదే మొదలు. తిరిగి ఏం అనాలో వసపిట్టకు తోచలేదు. అదీ అదే మొదలు.

అప్పుడు కత్తెరమ్మ మంచం అంచున కూర్చుని మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, ఇన్నేళ్ళుగా అందర్నీ అడుగుతున్నాను, మిమ్మల్ని అడగలేదు. నేను అడగకపోయినా మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?"

ఏం లేదనబోయాడు నాన్న. అలవాటు కొద్దీ తల కూడా అడ్డంగా ఊపబోయాడు. నానమ్మ బాగున్న చేత్తో కొడుకు ముంజేతి మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"ఒక సినిమా చూడాలనుంది" అన్నాడు. "పూర్తిగా."

ఆదివారం మ్యాట్నీకి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడి, ఏ వేళకు ఏ మందో మళ్ళీ మళ్ళీ చెప్పి, ఎట్టకేలకు కదిలాడు. వసపిట్ట తోడు వస్తానంటే వద్దన్నాడు. కత్తెరమ్మ చీర కొంగు బిగించి అత్తగారి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. పక్క తిప్పబోతే ముసలావిడ ముద్దమాటలతో అటు కాదు ఇటు అని కసిరింది. దిండు ఎత్తుగా పెట్టావంది, నీళ్ళు వేడిగా ఉన్నాయంది. దేశాన్ని నిలదీసే ఆవిడ ఆ మధ్యాహ్నమంతా సాక్షి కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని, సరే అత్తయ్యా, సరే అత్తయ్యా అంటూ గడిపింది. ఇంటర్వెల్ వేళ దాటింది. ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. ఆయన రాలేదు.

దీపాలు పెట్టే వేళకు వచ్చాడు నాన్న. చెప్పులు విడుస్తూనే కథ మొదలుపెట్టాడు. హీరో పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు, తప్పిపోయిన చెల్లెలు ఎలా దొరికిందో చెప్పాడు, పాటలు ఎక్కడెక్కడ వచ్చాయో చెప్పాడు, మర్చిపోయిన చోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాడు. పెన్ను కత్తెరమ్మ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. ఆవిడ దాని జోలికి పోలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఊఁ, తర్వాత?" అంది.